రెండో బోణీ

ఆళ్లగడ్డలో శేషయ్య శెట్టి అంగడికి తెల్లవారగానే వెళ్లి, ఊరికే ధర అడిగి వెనక్కి తిరిగే ధైర్యం ఆయన్ని ఎరిగినవాళ్లెవరికీ లేదు. శేషయ్య కోపిష్టి కాదు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్లే లేరు. కానీ పొద్దున్నే మొదటి బేరం చెడిందా, ఆ కాసేపు ఆయన ముఖం చూడలేం. ఎదురుగా శిల్పుల షెడ్డులోంచి రాతిపొడి వచ్చి డబ్బాల మీద వాలుతున్నా తుడవడు. కందిపప్పు అడిగినవాళ్లకు శనగపప్పు పొట్లం కడతాడు. ఏమైందని అడిగితే, "ఈ పొద్దు బోణీ బాగలేదప్పా" అంటాడు, ఒంట్లో జ్వరంగా ఉందని చెప్పినంత మామూలుగా.

ఆ ఇంట్లో పుట్టిన ఒక్కగానొక్క పిల్ల ఉషశ్రీ. ఎక్కాలు రాకముందే ఆమెకు బోణీ పద్ధతులు వచ్చేశాయి. మొదట వచ్చినవాళ్లకు లేదనకూడదు. అప్పు మాట ఎత్తనివ్వకూడదు. వాళ్లిచ్చిన నోటు కళ్లకద్దుకొని గల్లాపెట్టెలో వేయాలి. ఈ రోజుల్లో టీ తాగినా ఫోనుతోనే డబ్బు కడుతున్నారు గానీ శేషయ్య బోణీకి మాత్రం అది ఒప్పుకోడు. "ఫోను తర్వాత కొట్టుదువులేప్పా, బోణీకి నోటియ్యి" అంటాడు. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. తెల్లారి తలుపు తెరిచి, లోపలికి ఎవరొస్తారో తెలియకుండా జీవితమంతా కూర్చునే మనిషికి ఏదో ఒక ఊతం కావాలి. ఆ ఊతం లేనివాళ్లు అంగడి పెట్టి చూస్తే తెలుస్తుంది.

అయితే ఒక సంగతి ఆ ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. ఉషశ్రీ బడికి బయల్దేరే ముందు నాయన ముఖం చూసేది. బోణీ బాగుందని ఆ ముఖం చెబితే, లెక్కల పరీక్ష కూడా ఇట్టే రాసి వచ్చేది. బాగలేదంటే వచ్చిన జవాబులు కూడా మరిచిపోయేది. మనం నోటితో చెప్పినవి పిల్లలు ఎన్ని వింటారో తెలియదు గానీ, మన ముఖాల్లో చూసినవి మాత్రం పుస్తకాల సంచిలో పెట్టుకుని మోస్తూనే ఉంటారు. ఉషశ్రీ అలా మోసింది, డిగ్రీ దాకా.

మోయడమంటే గుర్తొచ్చింది. ఆ పిల్ల భుజాల సంగతి చెప్పాలి. సామాను లారీ వచ్చే వేళకు హమాలీ దొరక్కపోతే చక్కెర బస్తాలూ, బెల్లం బుట్టలూ ఆమే లోపలికి చేర్చేది. తల్లి పుష్పావతి గుమ్మంలో నిలబడి మొత్తుకునేది.

"ఒసే, దించవే ఆ బస్తా. భుజాలు మగపిల్లోని మాదిరి అయితాయి."

"అయితే ఏమాయెమ్మా. జాకెట్టు పెద్దది కుట్టించుకుంటా" అనేది ఉషశ్రీ.

వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునే నాయనమ్మ యశోదమ్మ మాత్రం, "ఎత్తనీలే, మన ఇంట్లో ఎవరికి ఉండాది ఆ బలం" అని మనవరాలి వైపే మాట్లాడేది. ఆ అంగడికి యజమాని శేషయ్యే అయినా, పెత్తనం యశోదమ్మది. ఎవరికి ఎంత కొసరు వేయాలో కుర్చీలోంచి కళ్లతోనే చెబుతుంది.

డిగ్రీకి నంద్యాల కాలేజీలో చేరి, రోజూ సిరివెళ్ల మీదుగా బస్సులో వెళ్లి వచ్చేది ఉషశ్రీ. అక్కడ ఆమెకు సంజామల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సాత్విక అనే స్నేహితురాలు దొరికింది. సాత్వికకు అప్పట్లో బాక్సింగ్ పిచ్చి పట్టుకుంది. తోడు రమ్మంటే ఉషశ్రీ వెళ్లింది. సాత్విక సంచి పట్టుకుని ఒక మూల నిలబడటమే ఆమె పని.

అది ఒకప్పటి బియ్యం మిల్లు గోదాము. మిల్లు మూతపడి చాలాకాలమైనా లోపల తవుడు వాసన వదల్లేదు. ఆ వాసన తగలగానే ఉషశ్రీకి సొంత ఇంట్లో నిలబడినట్టే అనిపించింది. అక్కడ నేర్పించే ఆయన పేరు ఎజ్రా. రైల్వేలో ఉద్యోగం. ఒకప్పుడు రింగులో పేరున్న మనిషేనని, ఒక పక్కకు ఒరిగిన ముక్కు చెబుతూ ఉంటుంది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, ఫీజు గురించి పెద్దగా పట్టించుకోకుండా ఊళ్లోని పిల్లలందరికీ నేర్పించేవాడు. ఆయన చూపు సంచి పట్టుకున్న పిల్ల మీద పడింది.

"ఆ సంచి కింద పెట్టి ఇట్ల రామ్మా. దీన్నొగసారి కొట్టు."

పైనుంచి వేలాడుతున్న ఇసుక మూటను ఉషశ్రీ మొహమాటపడుతూనే కొట్టింది. మూట వెనక్కి వెళ్లి, వచ్చేటప్పుడు దాన్ని పట్టుకోవడానికి నిలబడిన పిల్లవాడిని కింద పడేసింది. ఎజ్రా ముక్కు గోక్కున్నాడు.

"ఇంట్లో ఏం పని చేస్తావమ్మా నువ్వు?"

"చక్కెర బస్తాలు ఎత్తి పెడతా సార్. అంగడి మాది."

"అదీ సంగతి. రేపటి నుంచి ఆ సంచి ఇంకొకరికియ్యి."

సాత్విక వారం తిరక్కుండానే ముక్కు పాడవుతుందన్న భయంతో మానేసింది. ఉషశ్రీ ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయిందంటే, ఆ పిల్ల మనసులో మాట చెప్పాలి. ఆళ్లగడ్డలో ఆమె శెట్టిగారి కూతురు. అంగట్లో నవ్వుతూ నిలబడాలి, ఎవరు ఎంత విసుక్కున్నా సరేనండీ అనాలి, వచ్చినవాళ్లు నొచ్చుకోకూడదు. ఆ గోదాములో అడుగుపెట్టాక ఎవరినీ మెప్పించక్కర్లేదు. ఒళ్లంతా చెమటై, చేతులు మండుతూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి వస్తుంటే, తను తనలాగే ఉన్నట్టు అనిపించేది. అంత సంతోషం ఆమెకు ఇంకెక్కడా దొరకలేదు.

ఇంట్లో మాత్రం ఎక్సర్‌సైజులని చెప్పింది. కంటి కింద నల్లగా కమిలి వచ్చిన రోజున ఆ ముచ్చట తీరిపోయింది. పుష్పావతి తలకొట్టుకుంది.

"కొట్లాడేదానికి నంద్యాల దాకా పోవల్లనా? ఈడ తగాదాలు తక్కువగా ఉండాయా మన ఊర్లో?"

శేషయ్య త్రాసు పళ్లెం తుడవడం మొదలుపెట్టాడు. తర్వాత అడిగిన మాట ఇది.

"ముందు ఎవరు కొట్టినారు పాపా?"

"ఆ పిల్లే నాయనా."

"అట్లనా" అని మళ్లీ పళ్లెం తుడుచుకున్నాడు. వద్దనలేదు, సరేననలేదు. ఆయన వద్దనకపోవడమే సరేననడమని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

తర్వాత గుడ్ల గొడవ మొదలైంది. బలానికి రోజూ కోడిగుడ్లు తినాలని ఎజ్రా చెప్పాడు. గుడ్డు గుమ్మం దాటి లోపలికి వస్తే తను బయటికి పోతానని పుష్పావతి చెప్పింది. మధ్యలో యశోదమ్మ రాజీ కుదిర్చింది. నానబెట్టిన శనగలు, మొలకెత్తిన పెసలు, వేయించిన చెనిక్కాయలు, వాటికి తోడు నువ్వుల ఉండలు. ఎజ్రాకు కూడా ఒక డబ్బా నువ్వుల ఉండలు వెళ్లాయి. వాటి రుచి చూశాక ఆయన గుడ్ల మాట ఎత్తడం మానేశాడు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. తొలి పోటీ నంద్యాలలోనే. గంట కొట్టగానే ఉషశ్రీ దెబ్బే ముందు తగిలింది. ఇక ఆ పిల్లను పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. ఎదుటి అమ్మాయి ఊపిరి తీసుకోవడానికి కూడా సందు ఇవ్వకుండా గెలిచి వచ్చింది. రెండో పోటీ కర్నూలులో. అక్కడ గంట కొట్టగానే ఎదుటి అమ్మాయి చేయి చాపింది. అది దెబ్బ కూడా కాదు. గ్లవ్ కొస వచ్చి నుదుటికి తాకిందంతే. ఉషశ్రీ లోపల ఏదో చల్లబడిపోయింది. బోణీ పోయింది, ఇంక ఈ పొద్దింతే, అనుకుంది. అనుకున్నాక చేతులు తనవి కాకుండా పోయాయి. ఆట ముగిసేదాకా ముఖానికి గ్లవ్స్ అడ్డం పెట్టుకుని దెబ్బలు తింటూ నిలబడింది. గోదాములో మగపిల్లల్ని కూడా మూలకు తోసే పిల్ల ఇదేనా అని వెంట వెళ్లినవాళ్లు ముఖాలు చూసుకున్నారు.

అప్పటి నుంచి అదే తంతు. తన దెబ్బ ముందు పడితే గెలుపు, ఎదుటివాళ్లది ముందు పడితే ఓటమి. ఎజ్రాకు బుర్ర పాడైంది. దమ్ము చాలడం లేదేమోనని రైలు పట్టాల పక్కన పరుగెత్తించాడు. చూపు ఆనడం లేదేమోనని కంటి డాక్టరుకు చూపించాడు. కళ్లు దివ్యంగా ఉన్నాయన్నాడు డాక్టరు. చివరికి ఓడిన ఆటలన్నీ ఫోనులో వరసగా పెట్టుకుని చూస్తే ఎజ్రాకు దారి దొరికింది. ఉషశ్రీని పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు.

"ఇది చూడమ్మా. దోమ వాలినంత దెబ్బ. దీని తర్వాత నువ్వు రింగులో లేవు. యాడికి పోయినావు?"

ఉషశ్రీ తల వంచుకుంది. చెబితే నవ్వుతాడని ఇన్నాళ్లూ దాచుకున్న మాట.

"బోణీ పోయింది సార్."

"ఏందీ?"

ఉషశ్రీ ఏడుస్తూనే అంతా విడమరిచి చెప్పింది. ఎజ్రా నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ రోజే ఆమె మానేసేదేమో. ఎవరికైనా తట్టే ఉపాయమే చెప్పాడు.

"అయితే నువ్వే ముందు కొట్టు. గంట కొట్టంగనే పోయి కొట్టు."

చెప్పినంత తేలిక కాదది. తర్వాతి పోటీలో గంట మోగడమే ఆలస్యం, ఉషశ్రీ కళ్లు మూసుకున్నట్టు దూకింది. ఎదుటి అమ్మాయి ఒక పక్కకు తప్పుకుని, దారిలో వచ్చిన ముఖానికి ఒకటిచ్చింది. ముక్కులోంచి రక్తం. రిఫరీ ముందుకొచ్చి వేళ్లు చూపిస్తూ అంకెలు లెక్కపెట్టాడు. తిరుగు ప్రయాణంలో ఎజ్రా ఆమె పక్క సీట్లో కూర్చుని చెప్పాడు.

"దెబ్బకు భయపడేవాళ్లకు నేను నేర్పించగలనమ్మా. నువ్వు భయపడటంలే. ఆశ వదిలేస్తాండావు. ఆశ వదిలేసిన మనిషిని రింగులో నిలబెడితే ఏదో ఒగరోజు పెద్ద దెబ్బ తగుల్తాది. ఆ పాపం నాకొద్దు. జిల్లా సెలెక్షన్లు మన నంద్యాల్లోనే పెడతాండారు. అదొగటి చూస్తా. మళ్లా అట్లనే నిలబడిపోయినావంటే, ఓడిపోయినామని రింగులోకి టవల్ వేసేస్తా. ఆ తర్వాత నిన్ను రింగు ఎక్కించను."

ఎజ్రా ఊరికే బెదిరించే మనిషి కాదు. ఉషశ్రీకి అది తెలుసు. బాక్సింగ్ లేకపోతే తనకు మిగిలేది ఆ త్రాసు, ఆ నవ్వు మొహం, ఆ సరేనండీ. ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

ఎజ్రాకూ సయించినట్టు లేదు. ఒక శనివారం పొద్దున్నే ఆయన ఆళ్లగడ్డలో బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ అంగడి ముందుకు వచ్చాడు. అప్పుడే షట్టరు తెరిచి, వాకిట్లో నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించారు. లోపల ఉషశ్రీ చింతపండు తూకం వేస్తోంది. గుమ్మంలో ఎజ్రాను చూడగానే, జరగబోయేది తెలిసి కళ్లు మూసుకుంది.

"శెట్టిగారూ, నమస్తే. నేను ఎజ్రా. మీ పాపకు బాక్సింగ్ నేర్పిస్తాండా."

"రాండి సార్, రాండి. ఏమియ్యమంటారు?"

"ఏమొద్దన్నా. ఊరికే మాట్లాడిపోదామని వచ్చినా."

శేషయ్య ముఖంలో రంగు తగ్గింది. అయినా మర్యాద తప్పలేదు.

"ఏదో ఒగటి తీసుకోండి సార్. అగ్గిపెట్టె అయినా."

"నాకు బీడీ సిగరెట్టు అలవాటు లేదన్నా."

"దీపానికి పనికొస్తాది నాయనా" అంది కుర్చీలోంచి యశోదమ్మ.

"కరెంటు బాగనే ఉండాదవ్వా మా వీధిలో" అన్నాడు ఎజ్రా, ఎంతో మర్యాదగా.

ఎజ్రా బెంచీ మీద కూర్చుని, వచ్చిన పని చెప్పాడు. పాప మంచి ఫైటరని, ఇంత చేతి బలం తను ఎక్కడా చూడలేదని, మొదటి దెబ్బ ఎదుటివాళ్లది పడితే మాత్రం ప్రాణం లేనట్టు నిలబడిపోతోందని చెప్పాడు.

"ఏంది కారణమంటే, బోణీ పోయిందంటాది. నాకు తెల్దన్నా మీ లెక్క. మీరొగ మాట చెప్పి చూడండి. నా మాట దాని తలకెక్కడంలే."

శేషయ్య చేతిలో పొట్లం దారం అలాగే ఉండిపోయింది. కూతురి వైపు చూశాడు. ఉషశ్రీ చింతపండులోంచి తల ఎత్తలేదు. తన అంగట్లో పెట్టుకున్న పద్ధతి కూతురి తలలోకి వెళ్లి ఇలా కూర్చుందని ఆ మనిషికి అప్పుడే తెలిసింది. తనే చేయి చేసుకుని కొట్టినంత బాధ పడ్డాడు. ఆ బాధలో కాఫీ తెప్పిస్తాననడం కూడా మరిచిపోయాడు. ఎజ్రా డ్యూటీకి టైమవుతోందని లేచి, ఏమీ కొనకుండానే బస్సు కోసం వెళ్లిపోయాడు.

"తెరువురా మళ్లా" అంది యశోదమ్మ.

శేషయ్య లేచి, కొక్కెం కర్రతో షట్టరు పట్టుకుని నడుము దాకా దించాడు. వంగి, చెంబులోంచి నీళ్లు తీసుకుని గడప మీద చల్లాడు. తర్వాత షట్టరును గడగడమంటూ పైదాకా ఎత్తాడు.

"ఇదీ, ఇప్పుడు తెరిచినాం" అంది యశోదమ్మ.

బోణీ చెడినప్పుడల్లా ఆ అంగట్లో జరిగేది ఇదే. షట్టరు మళ్లీ తెరిస్తే అది కొత్తగా తెరిచిన అంగడి కింద లెక్క, తర్వాత వచ్చేవాళ్లదే బోణీ. ఉషశ్రీకి ఇది పుట్టినప్పటి నుంచి ఉన్న చప్పుడే. వాకిలి ఊడవడం ఎలాగో ఇదీ అలాగే. అందుకే చూడనైనా చూడలేదు. ఇంతలో అహోబిలం వెళ్లే బండి ఒకటి ఆగి, యాత్రికులు దిగి పసుపు, కర్పూరం, కొబ్బరికాయలు తీసుకున్నారు. శేషయ్య నోటు అందుకుని కళ్లకద్దుకున్నాడు. గల్లాలో వేయకుండా, దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూతురినే చూస్తూ నిలబడ్డాడు.

"ఏం నాయనా?"

"ఏంలేదు పాపా. చింతపండు సరిగా కట్టు."

సెలెక్షన్ల రోజు పొద్దున ఉషశ్రీ ఒక్కతే బస్సెక్కింది. ఇంట్లోవాళ్లు వస్తారని ఆమె అనుకోలేదు. పండగలకు తప్ప పగటిపూట ఆ షట్టరు మూసి ఉండగా ఊళ్లో ఎవరూ చూడలేదు. నంద్యాల ఇండోర్ స్టేడియంలో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా ఉక్కపోత. ఎదురు మూలలో నిలబడిన అమ్మాయి పేరు అమృత, వెలుగోడు నుంచి వచ్చింది. అక్కడి రిజర్వాయరులో ఈదీ ఈదీ చేతులు సాగాయేమో అన్నంత పొడుగు. పైగా ఎడమచేతి వాటం. చాలామందికి ఆ దెబ్బ ఎటు నుంచి వస్తుందో అర్థం కాదు.

గంట మోగింది. ఉషశ్రీ దూకకుండా, నిదానంగా, నేర్చుకున్నట్టే ముందుకు వెళ్లింది. అమృత ఎడమచేయి ఎటు నుంచో వచ్చి చెంపకు తగిలింది. అంతే. పోయింది. ఉషశ్రీకి హాలు, జనం, ఫ్యాన్లు అన్నీ దూరంగా జరిగినట్టు అనిపించాయి. ఇంక ఎందుకులే అన్న మాట ఒక్కటే లోపల మిగిలింది. గ్లవ్స్ ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. అమృత కొడుతూనే ఉంది. రిఫరీ దగ్గరగా వంగి ఆమె కళ్లలోకి చూశాడు. కింద ఎజ్రా భుజం మీది టవల్ తీసి చేతిలో పట్టుకున్నాడు. అదృష్టం కొద్దీ అప్పుడే రౌండు ముగిసిన గంట మోగింది.

ఉషశ్రీ స్టూలు మీద కూలబడింది. ఎజ్రా ఆమె నోట్లో నీళ్లు పోశాడు.

"చెప్పమ్మా. వేసేదా టవల్?"

ఉషశ్రీకి వేసేయండి అనడానికి నోరు రాలేదు, వద్దనడానికి ధైర్యం లేదు. ఎజ్రా ముఖం చూడలేక పక్కకు తిప్పుకుంది. అలా తిప్పుకున్నప్పుడు, కడ్డీలకు అవతల, ప్లాస్టిక్ కుర్చీల ముందు వరసలో నాయన కనిపించాడు.

తెల్ల చొక్కా, చంకలో గుడ్డసంచి. పక్కనే పుష్పావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. చుట్టూ అందరూ కొట్టు, కొట్టు అని అరుస్తున్నారు. శేషయ్యకు అరవడం చేతకాదు. పుట్టి ఎన్నడూ అరిచింది లేదు. కూతురు తనను చూసిందని తెలియగానే సంచి భార్య చేతికిచ్చి, లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ తల మీదికెత్తి, కనిపించనిదేదో పట్టుకుని నడుము దాకా లాగాడు. పుష్పావతి దగ్గరున్న సీసాలోంచి దోసిట్లో నీళ్లు పోసుకుని నేల మీద చల్లాడు. మళ్లీ వంగి, రెండు చేతులతో దాన్ని పైదాకా ఎత్తాడు.

"ఏం పెద్దాయనా, నేలంతా నీళ్లు పోస్తాండావు?" అని బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రవాడొకడు గదమాయించాడు. శేషయ్య వాడి వైపు చూడలేదు. కూతురినే చూస్తూ మళ్లీ ఒకసారి దించాడు, మళ్లీ ఎత్తాడు.

పుట్టినప్పటి నుంచి వింటున్న ఆ గడగడ చప్పుడు ఉషశ్రీకి అప్పుడు వినపడింది. బోణీ చెడిన ప్రతిరోజూ ఆ షట్టరు మళ్లీ లేచింది. ఒక్కరోజు కూడా నాయన అంగడి మూసేసి ఇంట్లో పడుకోలేదు. తను ఇన్నాళ్లూ ఆయన ముఖం చూసి బడికి పోయింది గానీ, ఆ ముఖంతోనే ఆయన లేచి చేసిన పని మాత్రం చూడలేదు. ఏడుపు రావలసిన చోట నవ్వు వచ్చింది.

"ఏందది? మీ నాయనేం చేస్తాండాడు?" అన్నాడు ఎజ్రా.

"అంగడి తెరుస్తాండాడు సార్. టవల్ భుజాన వేసుకోండి."

రెండో రౌండులోనూ ముందు తగిలింది అమృత దెబ్బే. నిజం చెప్పాలంటే గట్టిగానే తగిలింది. ఉషశ్రీ ఒక అడుగు వెనక్కి వేసి, రెండు గ్లవ్స్ నడుము దాకా దించి, మళ్లీ ముఖం దాకా ఎత్తింది. తర్వాత ముందుకు వెళ్లి కొట్టింది. చక్కెర బస్తాలు ఎత్తిన చేయి అది. అమృత తాళ్ల దాకా వెనక్కి పోయింది. హాల్లో ఒక్కసారిగా గోల లేచింది. ఆ తర్వాత కూడా దెబ్బలు తగిలాయి, తగిలినప్పుడల్లా చేతులు దించింది, ఎత్తింది, మళ్లీ ముందుకు వెళ్లింది. ఆఖరి రౌండు ముగిసేసరికి ఇద్దరు అమ్మాయిలూ ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయి నవ్వుతున్నారు.

రిఫరీ అమృత చేయే పైకెత్తాడు. మొదటి రౌండులో పోగొట్టుకున్నది పూర్తిగా పూడలేదు. ఉషశ్రీ కిందికి దిగి ఎజ్రా ముందు నిలబడింది. రెండు చేతులూ ముందుకు చాపింది. ఎజ్రా ఆమె గ్లవ్స్ విప్పుతూ, ముఖంలోకి చూడకుండా అన్నాడు.

"సోమవారం తొందరగా రా. ఎడమచేతి వాళ్లతో ఎట్ల ఆడాలో నీకు నేర్పించల్ల."

అప్పుడు ఏడ్చింది ఉషశ్రీ. ఎజ్రా కూడా టవలుతో ముక్కు తుడుచుకున్నాడు.

ఇప్పుడామె నంద్యాలలోనే ఒక స్కూల్లో వ్యాయామం టీచరు. సాయంత్రాలు అదే గోదాములో ఆడపిల్లలకు తనే నేర్పిస్తుంది. ఎజ్రా కుర్చీ వేసుకుని తప్పులు పడుతుంటాడు, నువ్వుల ఉండలు తింటూ. ఆమె తర్వాత గెలిచినవీ ఉన్నాయి, ఓడినవీ ఉన్నాయి. రాష్ట్రస్థాయిలో తెచ్చుకున్న కంచు పతకం ఆళ్లగడ్డ అంగట్లో దేవుడి పటం పక్కన వేలాడుతోంది, ఎదుటి షెడ్డు రాతిపొడి పడుతూ. కొత్తగా చేరిన పిల్లకు గ్లవ్స్ తొడిగాక, ఉషశ్రీ మొట్టమొదట చేసే పని నుదుటి మీద మెల్లగా ఒకటి వేయడం. "బోణీ నాది అయిపోయింది. ఇంక నువ్వు తెరువు" అంటుంది. నంద్యాల పిల్లలు దెబ్బ తగలగానే చేతులు నడుము దాకా దించి ఎత్తుతారని పక్క జిల్లాల కోచ్‌లు వీడియోలు తీసుకుంటున్నారట, ఏ దేశం పద్ధతో కనుక్కోవాలని.

కానీ ఆ రోజు బస్సులో జరిగింది చెప్పకుండా ఈ కథ ముగించడానికి మనసు ఒప్పడం లేదు. సెలెక్షన్ల నుంచి ముగ్గురూ ఆళ్లగడ్డ బస్సులో వస్తున్నారు. పుష్పావతి తడిగుడ్డతో కూతురి చెంప అద్దుతూ, ఆ వెలుగోడు పిల్లను మెత్తగా తిడుతోంది. ఉషశ్రీకి అప్పుడు గుర్తొచ్చింది.

"నాయనా, అంగట్లో ఎవరుండారు?"

"ఎవరూ లేరు. తెరవనే లేదు ఈ పొద్దు."

"మరి బోణీ?"

"కాలేదులే" అన్నాడు శేషయ్య, కిటికీలోంచి పొలాలు చూస్తూ.

పండగ కాని రోజున, బోణీ కాకుండా ఆయన గడిపిన మొదటి రోజు అది. ఆ మాట ఎంత పెద్దదో ఆ ఇంట్లో పుట్టిన పిల్లకే తెలుస్తుంది. శేషయ్య గుడ్డసంచిలోంచి యశోదమ్మ పంపిన నువ్వుల ఉండల పొట్లం తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. ఉషశ్రీ ఒక ఉండ నోట్లో వేసుకుని, వాచిన వేళ్లతో తన బ్యాగు తెరిచి, వెతికి వెతికి ఒక పది రూపాయల నోటు తీసింది.

"ఇదో నాయనా, తీసుకో."

"ఏమిటికి?"

"ఉండలకు."

శేషయ్య ఆ నోటు వైపు, కమిలిన ఆ చెంప వైపు చూశాడు. తర్వాత నోటు అందుకుని, రెండు కళ్లకూ అద్దుకుని, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.